గడపమీది గుమ్మడికాయ: 'అభిరుచి' అనే మాటకొక చరిత్ర

1

సాహిత్య విమర్శలో మనం తరచుగా వాడే మాటల్లో 'అభిరుచి' ఒకటి. 'అభిరుచి గల పాఠకుడు', 'ఉత్తమాభిరుచి', 'అభిరుచి దిగజారింది' అని రాస్తూ వుంటాం. ఈ మాటకొక చరిత్ర వుందనీ, ఆ చరిత్ర పుస్తకాల్లో కంటే ఇళ్లలో, వాకిళ్లలో, గోడలమీద ఎక్కువ స్పష్టంగా కనిపిస్తుందనీ మాత్రం సాధారణంగా పట్టించుకోం. అందుకే ఈ వ్యాసానికి నేను సాహిత్యంతో నేరుగా సంబంధం లేనట్టు కనిపించే విషయాన్ని ఎన్నుకున్నాను. అమెరికాలో ఏటా అక్టోబరు 31 రాత్రి జరుపుకునే హలోవీన్ పండగకు ఇంటిని 'అభిరుచితో' అలంకరించుకోవడం ఎట్లా మొదలయింది? ఎవరి అవసరం కోసం మొదలయింది? ఆ అలంకరణ సామగ్రిని ఎవరు తయారుచేస్తూ వచ్చారు? ఇవీ నా ప్రశ్నలు.

పరాయి దేశపు పిల్లల పండగ గురించి మన పత్రికలో చర్చ ఎందుకని కొందరు మిత్రులు అడగవచ్చు. అది సామ్రాజ్యవాద సంస్కృతి గనక తిరస్కరిస్తే సరిపోతుందని కొందరంటారు. అది వట్టి సరదా గనక చర్చే అనవసరమని మరికొందరంటారు. ఈ రెండు వాదనలూ పైకి ఎదురెదురుగా కనిపించినా, నిజానికి రెండూ ఒకే పని చేస్తున్నాయి. ఒక వస్తువును దాన్ని పుట్టించిన శ్రమనుంచీ, చరిత్రనుంచీ విడదీసి చూస్తున్నాయి. తిరస్కరించేవాళ్లకు ఆ పండగ మొదట పేద రైతులదని తెలియదు. సరదా అనేవాళ్లకు ఆ సరదా వెనక పనిచేసిన చేతులు కనిపించవు.

1899లో థార్‌స్టీన్ వెబ్లెన్ విరామ వర్గంమీద రాసిన గ్రంథంలో, ధనికులు వస్తువుల్ని వాడుకోడానికి మాత్రమే కాక తమ హోదాను చాటుకోడానికి కూడా కొంటారని వివరించాడు. 1979లో ఫ్రెంచి సామాజిక శాస్త్రజ్ఞుడు పియరీ బూర్దియూ దీన్ని మరింత లోతుగా పరిశీలించాడు. ఏది అందం, ఏది మోటు అనే తీర్పు మనిషి పుట్టిన వర్గంనుంచీ, చదువునుంచీ వస్తుందనీ, తిరిగి ఆ తీర్పే వర్గాల మధ్య గోడలు కడుతుందనీ అతని సారాంశం. ఈ ఇద్దరి మాటా మనకు ఉపయోగపడుతుంది గాని, అంతటితో సరిపోదు. వాళ్లు ప్రధానంగా వస్తువు కొనేవాడివైపునుంచి చూశారు. వస్తువు చేసేవాడివైపునుంచి కూడా చూస్తే తప్ప అభిరుచి చరిత్ర పూర్తికాదు.

2

హలోవీన్ మూలం ఐర్లండు, స్కాట్లండుల్లోని గేలిక్ జాతుల 'సావిన్' పండగ అని చెప్తారు. ఆ పేరుతో నవంబరు ఒకటిన శీతాకాలపు మొదటిరోజు జరుపుకునేవాళ్లు. దీనిచుట్టూ డ్రూయిడ్ పురోహితులగురించీ, బలులగురించీ చాలా కథలు ప్రచారంలో వున్నాయి. వీటిలో చాలామట్టుకు తర్వాతి శతాబ్దాల రచయితల ఊహలే. రొనాల్డ్ హటన్ అనే బ్రిటిష్ చరిత్రకారుడు 1996లో వెలువరించిన గ్రంథంలో, ఈ కథలకు ఆధారాలు ఎంత తక్కువో చూపించాడు. చరిత్ర విద్యార్థికి ఇక్కడ కావలసింది మర్మం కాదు, మట్టి. వేసవిలో కొండలమీద మేసిన పశువుల్ని ఊళ్లకు తోలుకొచ్చే కాలమది. పంట ఇంటికి చేరే కాలం. చలికాలమంతా మేపలేని పశువుల్ని కోసే కాలం. మరొక విషయం కూడా గమనించాలి. ఐర్లండులో కౌలు చెల్లించవలసిన గడువులు సాధారణంగా ఏడాదికి రెండు: మే ఒకటి, నవంబరు ఒకటి. అంటే ఆ రాత్రి రైతుకు దయ్యాల భయంతోపాటు భూస్వామి భయం కూడా వుండేది.

క్రైస్తవ మతం ఈ కాలాన్ని తనలో కలుపుకుంది. తొమ్మిదో శతాబ్దంలో నవంబరు ఒకటిని సకల పునీతుల పండగగా స్థిరపరిచారు. తర్వాత రెండో తేదీని మృతుల స్మరణదినంగా చేర్చారు. 'హలోవీన్' అంటే ఆ పునీతుల పండగకు ముందురాత్రి అని మాత్రమే అర్థం. ఇంగ్లండులో ఈ రోజుల్లో పేదవాళ్లు ఇల్లిల్లూ తిరిగి, ఆ ఇంట చనిపోయినవాళ్ల ఆత్మలకోసం ప్రార్థన చేసి, ప్రతిఫలంగా చిన్న రొట్టెలు తీసుకునేవాళ్లు. దీన్ని బిచ్చం అనడానికి వీల్లేదు. ప్రార్థనకు రొట్టె, రొట్టెకు ప్రార్థన. ఉన్నవాడి గడప లేనివాడికి ఏడాదికొకసారి హక్కుగా తెరుచుకునే ఏర్పాటు అది.

మరి అలంకరణ? ఈ దశలో ఆ మాటే లేదు. ఐర్లండులో పిల్లలు, యువకులు టర్నిప్ దుంపను తొలిచి, దానికి కళ్లూ నోరూ చెక్కి, లోపల కొవ్వొత్తి ముక్కో, మండే నిప్పుకణికో పెట్టేవాళ్లు. అట్లాంటి ఒక దుంప ముఖానికి తీసిన అచ్చు మేయో కౌంటీలోని ఐర్లండు జాతీయ గ్రామీణ జీవన ప్రదర్శనశాలలో వుంది. దాని ఛాయాచిత్రం చూసినవాళ్లెవరూ దాన్ని 'అందమైన అలంకరణ' అనరు. ముడతలుపడి, పళ్లు బయటపెట్టి, ఎండి కుంచించుకుపోయిన ముసలి ముఖమది. పశువుకూ మనిషికీ తిండి అయ్యే దుంపలోనుంచి పుట్టిన ముఖం. దానికి అభిరుచి లేదు, భయపెట్టే శక్తి వుంది.

రాబర్ట్ బర్న్స్ 1785లో 'హలోవీన్' అనే దీర్ఘకవిత రాసి మరుసటి ఏడాది ప్రచురించాడు. ఆయన స్వయంగా కౌలురైతు. ఆ కవితలో దయ్యాల అలంకరణ లేదు. పొయ్యిచుట్టూ చేరిన పల్లె యువతీయువకులు గింజలు కాల్చి, క్యాబేజీజాతి మొక్కల కాడలు పీకి, తమ పెళ్లిళ్ల భవిష్యత్తు చూసుకునే ఆటలున్నాయి. ఈ ఆచారాలు తెలియని పాఠకులకోసం ఆయన వివరణలు కూడా జతచేశాడు. రైతుల ఆచారం నగర పాఠకుడికి వింతవస్తువుగా మారడం అప్పటికే మొదలయిందనడానికి ఆ వివరణలే సాక్ష్యం.

3

1845 నుంచి 1852 దాకా ఐర్లండును బంగాళాదుంప తెగులూ, దానికి తోడైన బ్రిటిష్ పాలనా నిర్దయా కలిసి కరువులో ముంచాయి. దాదాపు పది లక్షలమంది చనిపోయారు. అంతకంటే ఎక్కువమంది దేశం వదిలారు. వాళ్లలో ఎక్కువమంది చేరింది ఉత్తర అమెరికా. వాళ్లు మోసుకెళ్లిన సామానులో హలోవీన్ కూడా ఒకటి.

అక్కడ టర్నిప్ స్థానంలో గుమ్మడికాయ వచ్చింది. గుమ్మడి అమెరికా ఖండాల సొంత పంట. యూరపువాళ్లు రాకముందు వేల ఏళ్లుగా అక్కడి ఆదిమజాతులు మొక్కజొన్న, చిక్కుడులతో కలిపి పండించినది. తొలవడానికి సులువు, పెద్దది, రంగు గలది. కనక ఈ రోజు ప్రపంచమంతా హలోవీన్ గుర్తుగా చూసే ఆ నారింజరంగు ముఖంలో, భూమి పోగొట్టుకున్న రెండు జాతుల చరిత్ర కలిసివుంది. దుంప ముఖం కౌలుభూముల ఐర్లండుది. కాయ ఆదిమజాతులది. అంగడిలో బొమ్మగా అమ్ముడయ్యేటప్పటికి ఈ రెండు సంగతులూ చెరిగిపోయాయి.

పందొమ్మిదో శతాబ్దపు అమెరికాలో ఈ రాత్రికి ఇంకొక లక్షణం వుండేది. అది అల్లరి. కుర్రవాళ్లు కంచెల తలుపులు ఊడబీకి దాచేవాళ్లు, మరుగుదొడ్ల గుడిసెలు పడదోసేవాళ్లు, బండిని విప్పి దాని భాగాల్ని ఇంటికప్పుమీద తిరిగి బిగించేవాళ్లు, కిటికీ అద్దాలకు సబ్బు పూసేవాళ్లు. ఊరి పెద్దమనిషికి, పీనాసికి, కఠినుడికి ఆ రాత్రి కొంచెం జంకు వుండేది. దీన్ని విప్లవమని పొగడటం నా ఉద్దేశం కాదు. అందులో క్రూరత్వం కూడా వుంది. బలహీనులూ బాధపడ్డారు. కాని ఏడాదికొకరాత్రి ఊరి క్రమాన్ని తలకిందులు చేసే ఆచారం చాలా రైతు సమాజాల్లో వుంది. అది నగరాలకు చేరి, ఆస్తి పెరిగి, పొరుగువాడెవరో తెలియని పరిస్థితి వచ్చినప్పుడు మధ్యతరగతికి అది సమస్య అయింది.

ఆ సమస్యకు దొరికిన మొదటి పరిష్కారం పోలీసు కాదు, ముందుగది. 'గోడీస్ లేడీస్ బుక్' వంటి స్త్రీల పత్రికలు శతాబ్దపు చివరి దశాబ్దాల్లో హలోవీన్‌ను వీధినుంచి ఇంటిలోపలి విందుగా మార్చాయి. బర్న్స్ కవితలోని రైతు ఆటలే ఇప్పుడు తివాచీమీద, దీపాల వెలుగులో, ఆహ్వానపత్రాలతో జరిగాయి. అలంకరణ అప్పుడు అవసరమైంది. మొదట్లో అది మొక్కజొన్న చొప్ప, రాలిన ఆకులు, ఆపిల్ పళ్లు, గుమ్మడికాయలు. పొలంనుంచి వచ్చినవే, పెద్ద ఖర్చు లేనివే. అయినా అర్థం మారింది. పొలంలో చొప్ప పశువుల మేత. ముందుగదిలో చొప్ప 'పల్లె అందం'.

4

ఇక్కడినుంచి కథ కాగితంమీదికి వస్తుంది. మసాచుసెట్స్ రాష్ట్రపు డెనిసన్ కంపెనీ 1844లో నగల పెట్టెలు తయారుచేయడంతో మొదలైంది. తర్వాత చీటీలు, జిగురు లేబుళ్లు, లక్క, ముడతల క్రేప్ కాగితం చేసింది. క్రేప్ కాగితానికి పెద్ద అంగడి కావలసివచ్చింది. 1909లో ఆ కంపెనీ 'బోగీ బుక్' అనే చిన్న పుస్తకాన్ని వెలువరించింది. 1912నుంచి ఇంచుమించు ప్రతి ఏటా, 1930ల మధ్యదాకా ఆ పుస్తకాలు వస్తూనే వున్నాయి. హలోవీన్ విందుకు గదిని ఎట్లా అలంకరించాలి, బల్లమీద ఏది మధ్య పెట్టాలి, కాగితంతో దుస్తులు ఎట్లా కుట్టాలి, ఏ ఆటలు ఆడించాలి అన్నీ అందులో వుండేవి.

నారింజ, నలుపు రంగులు. నల్లపిల్లి, గుడ్లగూబ, గబ్బిలం, చీపురుమీద మంత్రగత్తె, చంద్రుడు: ఈ రోజు 'సంప్రదాయం' అనుకునే దృశ్య నిఘంటువు ఇంటింటికీ ఒకే తీరున చేరడంలో ఈ పుస్తకాల పాత్ర పెద్దది. వీటి పాత ప్రతుల్ని చూసినప్పుడు నన్ను ఆకర్షించింది బొమ్మలకంటే ఎక్కువగా వాక్యాలు. సాహిత్య విద్యార్థులు ఈ రకం వచనాన్ని తప్పక పరిశీలించాలి. అందులో ప్రతి వాక్యం ఒక సలహా, ప్రతి సలహా చివర ఒక సరుకు. గదిని హాయిగా, వింతగా, అతిథి ఆశ్చర్యపడేటట్టు తీర్చమని చెప్పే గొంతు ఆత్మీయురాలైన స్నేహితురాలి గొంతులా వుంటుంది. చెప్పేది మాత్రం కాగితం అమ్మే కంపెనీ. కథ, సలహా, ప్రకటన మూడూ ఒకే వచనంలో కరిగిపోయిన ప్రక్రియ ఇది. ఇరవయ్యో శతాబ్దపు వినియోగదారీ వచనానికి తొలి నమూనాల్లో దీన్ని ఒకటిగా చెప్పవచ్చు.

ఆ వచనం ఎవర్ని ఉద్దేశించింది? గృహిణిని. గంటలకొద్దీ కత్తిరించేదీ, అతికించేదీ, నిచ్చెనెక్కి కట్టేదీ ఆమే. కాని పుస్తకంలో ఆమె శ్రమకు శ్రమ అనే పేరు లేదు. అది 'అభిరుచి', 'నేర్పు', 'ఆతిథ్యం'. విందు బాగుంటే ఇల్లు బాగుందంటారు. బాగోకపోతే ఇల్లాలికి అభిరుచి లేదంటారు. స్త్రీ ఇంటిచాకిరీని సహజగుణంగా చూపించే భావజాలం పండగరోజున కూడా సెలవు తీసుకోలేదన్నమాట.

మరొకవైపు, ఆ కాలపు బలమైన అట్టబొమ్మలూ, కాగితపు గుజ్జుతో చేసిన గుమ్మడికాయ ముఖాలూ, పిల్లులూ పెద్దసంఖ్యలో జర్మనీనుంచి దిగుమతి అయ్యేవి. జర్మనీలో అప్పటికి ఈ పండగే లేదు. అక్కడి బొమ్మల పరిశ్రమకు సోనెబర్గ్ వంటి పట్టణాలు పేరుపడ్డాయి. ఆ ప్రాంతంలో బొమ్మలపని చాలాభాగం ఇళ్లలోనే, దళారుల కింద, పిల్లలతో సహా కుటుంబమంతా చాలీచాలని కూలికి చేసేవాళ్లు. తాము ఎన్నడూ జరుపుకోని పండగకు, తాము ఎన్నడూ చూడని ఇళ్లకు అలంకరణ చేసే మనుషులు ఈ చరిత్రలో మొదటిసారి ఇక్కడ కనిపిస్తారు. చివరిసారి కాదు.

మొదటి ప్రపంచయుద్ధం ఆ దిగుమతుల్ని దెబ్బకొట్టింది. పెన్సిల్వేనియాలోని బీస్టల్ వంటి అమెరికన్ కంపెనీలు 1920లలో హలోవీన్ కాగితపు బొమ్మల్ని చౌకగా, లక్షలకొద్దీ అచ్చుగుద్ది అంగళ్లను నింపాయి. యుద్ధం కూడా అభిరుచి దిశను నిర్ణయించిందన్నమాట.

5

వీధిలో అల్లరి మాత్రం ఆగలేదు. 1920లో మినెసోటా రాష్ట్రంలోని అనోకా పట్టణం, కుర్రవాళ్ల అల్లరిని మళ్లించడానికి ఊరేగింపు, విందు ఏర్పాటుచేసింది. ఇట్లాంటి ఏర్పాట్లు ఇతర ఊళ్లకూ పాకాయి. 1929నాటి ఆర్థిక సంక్షోభం తర్వాత నగరాల్లో పనిలేని యువకుల కోపం ఈ రాత్రి విధ్వంసంగా బయటపడింది. అల్లరిమూకను నిరోధించడమా, లొంగదీసుకోవడమా అన్న ప్రశ్న ఆస్తిగలవాళ్ల ముందుకు వచ్చింది.

1939లో 'అమెరికన్ హోమ్' అనే పత్రిక ఒక గృహిణి వ్యాసాన్ని అచ్చువేసింది. కిటికీలకు సబ్బుపూసే పిల్లల్ని తరమడానికి బదులు లోపలికి పిలిచి తినుబండారాలు పెట్టమని ఆ వ్యాసం సలహా. 'ఇస్తారా, అల్లరి చెయ్యమంటారా' అని పిల్లలు గడపదగ్గర అడిగే పద్ధతి అమెరికా అంతటా చదివే పత్రికలో కనిపించడం అదే మొదటిసారని పరిశోధకులు చెప్తారు. ఆ వ్యాసం వచ్చింది పిల్లల పత్రికలోనో, పోలీసు పత్రికలోనో కాదు, ఇంటి అలంకరణ పత్రికలో! ఇల్లు సర్దుకోవడం, సమాజాన్ని సర్దుకోవడం ఒకే పనికి రెండు పేర్లుగా మారిన సందర్భమిది. ఇంగ్లండు పేదవాడు ప్రార్థనకు ప్రతిగా హక్కుగా తీసుకున్న రొట్టె ఇప్పుడు కిటికీ అద్దానికి కట్టే బీమాగా మారింది.

యుద్ధకాలంలో, 1942నుంచి 1947దాకా పంచదారకు రేషను వుండడంవల్ల ఈ పద్ధతి కొంత మందగించింది. 1944లో వచ్చిన 'మీట్ మి ఇన్ సెయింట్ లూయిస్' అనే చలనచిత్రంలో 1903నాటి హలోవీన్ దృశ్యం వుంది. పిల్లలు వీధిలో మంట వేసి పాత సామాన్లు కాలుస్తారు. ఒక చిన్నపిల్ల భయపడుతూనే వెళ్లి పొరుగువాడి ముఖాన పిండి కొట్టి వస్తుంది. ఆ దృశ్యంలో మిఠాయి లేదు, కొన్న అలంకరణ లేదు. సినిమా చూసిన పెద్దలకు అది అప్పటికే పోయిన బాల్యం.

యుద్ధం తర్వాత శివారు కాలనీల యుగం వచ్చింది. న్యూయార్క్ దగ్గర 1947లో మొదలైన లెవిట్టౌన్ దీనికి ప్రతీక. ఒకే నమూనా ఇళ్లు, ఒకే వరస, ఒకే పచ్చిక. వాకిట దీపం వెలిగి గుమ్మడికాయ వుంటే పిల్లలు రావచ్చని సంకేతం. దీపం ఆర్పివుంటే రావద్దని. అలంకరణ ఇప్పుడు ఒక భాష అయింది. కాని ఆ భాషలో ఆహ్వానం ఎవరికి? లెవిట్టౌన్ ఇళ్లు నల్లజాతివాళ్లకు ఇవ్వరాదని నియమం వుండేది. 1957లో పెన్సిల్వేనియాలోని మరో లెవిట్టౌన్‌లోకి మొదటి నల్లజాతి కుటుంబం వచ్చినప్పుడు, ఆ ఇంటిముందు రోజులతరబడి మూక చేరి రాళ్లు రువ్వింది. ముసుగులేసుకున్న పిల్లలకు తలుపు తీసే కాలనీ, ముసుగులేని మనిషికి తలుపు మూసింది. 'అందమైన వీధి' అనే మాటను చరిత్రలో చదివేటప్పుడు ఈ సంగతి మరవరాదు.

6

1970లలో అపరిచితులు మిఠాయిల్లో విషం కలుపుతున్నారనీ, ఆపిల్ పళ్లలో బ్లేడులు పెడుతున్నారనీ భయం వ్యాపించింది. జోయెల్ బెస్ట్ అనే సామాజిక శాస్త్రజ్ఞుడు సహరచయితతో కలిసి 1985లో ప్రచురించిన పరిశోధనలో, అట్లా అపరిచితుడివల్ల పిల్లలు చనిపోయినట్టుగాని తీవ్రంగా గాయపడినట్టుగాని రుజువైన ఘటన తమకు దొరకలేదని తేల్చాడు. అయినా భయం తగ్గలేదు. ఇంట్లో చేసిన తినుబండారం అనుమానాస్పదమైంది. కంపెనీ చుట్టిన మిఠాయి మాత్రం నమ్మదగినదయింది. పొరుగువాడి చేతిమీద నమ్మకం పోయి, పేరు తెలియని యంత్రంమీద నమ్మకం కుదరడం పెట్టుబడిదారీ సమాజపు మనస్తత్వానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

పిల్లల రాకపోకలమీద నిఘా పెరుగుతున్న ఈ కాలంలోనే పండగ పెద్దల చేతుల్లోకి జరిగింది. ఇల్లు ఒక ప్రదర్శన అయింది. 1990లో వచ్చిన 'మార్తా స్టూవర్ట్ లివింగ్' పత్రిక, దాని హలోవీన్ సంచికలు 'అభిరుచి గల' అలంకరణకు కొత్త వ్యాకరణం రాశాయి. మెరిసే ప్లాస్టిక్‌కు బదులు నల్లకాగితపు ఛాయాబొమ్మలు, తెల్ల గుమ్మడికాయలు, వెండిలాంటి కొవ్వొత్తి స్తంభాలు, సన్నగా ఉలితో చెక్కిన కాయలు. ఆ పనితనం నిజంగానే చాలాచోట్ల అందమైనది. దాన్ని కాదనడం వల్ల ప్రయోజనం లేదు. కాని దాని సామాజికార్థం వేరు. గాలితో ఉబ్బే నైలాను దయ్యాన్ని పచ్చికలో నిలబెట్టిన కార్మికుడి ఇల్లు 'మోటు'. రంగు తగ్గించి, వస్తువులు తగ్గించి, ఖాళీ స్థలాన్ని అలంకారంగా వాడుకున్న ఇల్లు 'సున్నితం'. ఖాళీ స్థలం వుండేది ఎవరికి? తీరిక వుండేది ఎవరికి? ఒకప్పుడు పొలంలో ఊరకే దొరికిన మొక్కజొన్న చొప్ప ఇప్పుడు నగరపు దుకాణంలో కట్టకింత అని అమ్ముడవుతుంది. నిరాడంబరత కూడా ధర కట్టిన సరుకు అయింది.

కాయ కూడా మారింది. మసాచుసెట్స్ రైతు జాన్ హౌడెన్ 1960లలో ఎంపికచేసి వృద్ధిచేసిన 'హౌడెన్' రకం తినడానికి కాదు, చెక్కడానికి. గట్టి తొడిమ, లోతైన గాళ్లు, నిండు రంగు దాని గుణాలు. రుచి లెక్కలో లేదు. కోట్లమంది తిండిగా మొదలైన పంట చూపుకోసం పండి, వారంరోజులు గడపమీద కూర్చుని, కుళ్లి చెత్తకుప్ప చేరుతుంది.

2020లో ఒక పెద్ద గృహోపకరణ దుకాణాల సంస్థ 12 అడుగుల ఎత్తు ప్లాస్టిక్ అస్థిపంజరాన్ని దాదాపు 300 డాలర్లకు అమ్మకానికి పెడితే, అది చూస్తుండగానే అయిపోయింది. ఆ ఏడాది కరోనాతో లక్షలమంది చనిపోతున్నారు. 2023లో అమెరికన్లు ఈ పండగకు పెట్టే ఖర్చును అక్కడి చిల్లర వ్యాపారుల జాతీయ సమాఖ్య 1,220 కోట్ల డాలర్లుగా అంచనా వేసింది. అందులో అలంకరణల వాటాయే 390 కోట్ల డాలర్లు. మిఠాయిలకంటే అలంకరణకే ఎక్కువ. ఇచ్చేదానికంటే చూపేదానికే ఎక్కువ ఖర్చు అన్నమాట.

7

ఇప్పుడు నా వ్యాసానికి కీలకమైన ఘటన దగ్గరికి వస్తున్నాను. 2012 అక్టోబరులో ఒరెగాన్ రాష్ట్రంలో ఒకావిడ, ఎప్పుడో కొని దాచిన హలోవీన్ అలంకరణ పెట్టె తెరిచింది. అందులో వాకిట్లో పాతిపెట్టుకునే తేలికపాటి ఉత్తుత్తి సమాధి ఫలకాలున్నాయి. వాటి మధ్య మడతపెట్టిన కాగితం ఒకటి దొరికింది. అది చైనాలోని లియావోనింగ్ రాష్ట్రం మసన్‌జియా నిర్బంధ శ్రమ శిబిరంనుంచి ఒక ఖైదీ రాసిన ఉత్తరం. విరగ్గొట్టిన ఇంగ్లీషులో, మధ్యమధ్య చైనా అక్షరాలతో వుంది. ఆ వస్తువు అక్కడ తయారయిందనీ, రోజుకు పదిహేను గంటలు, వారాంతం సెలవు లేకుండా పని చేయిస్తారనీ, కొట్టి హింసిస్తారనీ, ఈ కాగితం దొరికినవాళ్లు దయచేసి మానవహక్కుల సంస్థకు అందించాలనీ దాని సారాంశం.

ఉత్తరం రాసిన వ్యక్తి పేరు సున్ యీ. చదువుకున్న ఇంజనీరు. ఫాలున్‌గాంగ్ అనే నిషిద్ధ ఆధ్యాత్మిక వర్గానికి చెందినవాడని 2008లో నిర్బంధించారు. రాత్రిపూట మంచంమీద పడుకుని, కాపలావాళ్ల కళ్లుగప్పి, ఇట్లాంటి ఉత్తరాలు అనేకం రాసి పెట్టెల్లో దాచాడు. ఒకటి సముద్రాలు దాటి, ఏళ్లు గడిచి, చదివే మనిషికి చేరింది. 2013 చివర చైనా ఈ 'శ్రమద్వారా పునర్విద్య' విధానాన్ని అధికారికంగా రద్దుచేసింది. సున్ యీ 2017లో ఇండోనేషియాలో ప్రవాసంలో వుండగా చనిపోయాడు. ఆయన కథ 2018లో ఒక డాక్యుమెంటరీగా వెలువడింది.

సోషలిజం పేరు పెట్టుకున్న రాజ్యంలో ఇది జరగడం మనల్ని మరింత బాధించాలి, దాన్ని దాచడం మన పని కాదు. అట్లాగే ఇది చైనాకే పరిమితమనుకునే అమాయకత్వమూ వద్దు. శిక్షపడ్డ ఖైదీతో బలవంతపు పని చేయించుకోడానికి 1865నాటి అమెరికా పదమూడో రాజ్యాంగ సవరణే మినహాయింపు ఇచ్చింది. గిరాకీ ఒక దేశానిది, నిర్బంధం మరో దేశానిది, లాభం రెండింటి మధ్య ప్రయాణం చేసేది.

రచయితలుగా మనం ఈ ఉత్తరాన్ని ఒక సాహిత్య వాచకంగా కూడా చదవాలి. అచ్చుకాని, సంతకంలేని, చిరునామా తెలియని పాఠకుడికి రాసిన రచన ఇది. బోగీ బుక్ వచనం పక్కన దీన్ని పెట్టి చూడండి. రెండూ ఇంటి అలంకరణ సామగ్రితోపాటే ఇంటికి చేరాయి. మొదటిది సరుకు ఎట్లా అమర్చుకోవాలో చెప్పింది, రెండోది సరుకు ఎట్లా తయారయిందో చెప్పింది. వందేళ్లు మొదటిరకం వచనమే అచ్చయింది. రెండోరకం దొంగచాటుగా పెట్టె అడుగున రావలసివచ్చింది. ఉత్తుత్తి సమాధులు చేసిన చేతులు నిజమైన సమాధుల అంచున వున్నాయన్న సంగతి ఏ అలంకరణ పత్రికలోనూ రాలేదు.

8

అయితే అభిరుచి అనేదే బూర్జువా మాయ, దాన్ని వదిలెయ్యాలి అని నేను అనడం లేదు. విలియం మోరిస్‌ను గుర్తుచేసుకోవాలి. ఆయన 1861లో గృహాలంకరణ సంస్థ పెట్టాడు. గోడకాగితాలు, తివాచీలు, కుర్చీలు రూపొందించాడు. 1883లో సోషలిస్టు ఉద్యమంలో చేరాడు. అందమైన వస్తువంటే చేసేవాడికీ వాడేవాడికీ ఆనందమిచ్చేదని ఆయన భావన. తన సంస్థ వస్తువుల్ని ధనికులే కొనగలిగారన్న వైరుధ్యం ఆయనకు తెలుసు. ఆ వైరుధ్యమే ఆయన్ని రాజకీయాల్లోకి నెట్టిన కారణాల్లో ఒకటి. అభిరుచికి ఆయన పెట్టిన కొలబద్దలో శ్రమ వుంది. అమెరికన్ అలంకరణ పత్రికల కొలబద్దలో అది లేదు. తేడా అక్కడుంది.

ఈ చర్చకు మనతో వున్న సంబంధం దూరపుది కాదు. 1965నాటి వలస చట్టం తర్వాత, మరీ ముఖ్యంగా 1990లనుంచి కంప్యూటర్ ఉద్యోగాలతో, లక్షలాది తెలుగువాళ్లు అమెరికాలో స్థిరపడ్డారు. 2024లో దీపావళి సరిగ్గా అక్టోబరు 31నే వచ్చింది. టెక్సాస్‌లో, న్యూజెర్సీలో ఎన్నో తెలుగు వాకిళ్లలో గుమ్మడికాయ ముఖం పక్కనే మట్టిప్రమిదలు వెలిగాయి. ఇది సంస్కృతుల సమ్మేళనమని కొందరు మురిశారు, మన సంస్కృతి మంటగలిసిందని కొందరు వాపోయారు. నాకు రెండూ తొందరపాటు మాటలే. గడపకు బూడిదగుమ్మడి వేలాడగట్టి దిష్టి తీసే జాతికి, గడపమీది గుమ్మడికాయ అంత పరాయిది కాదు. మహాలయ అమావాస్యనాడు పోయినవాళ్లను తలుచుకుని, ఆ సాయంత్రమే తెలంగాణలో బతుకమ్మ పేర్చే జాతికి, పంట చేతికొచ్చే కాలంలో మృతుల్ని తలచుకోవడం వింతా కాదు. అడగవలసిన ప్రశ్న ఏది మనది, ఏది పరాయిది అని కాదు. ఏ చేతులు చేశాయి, ఎవరికోసం తలుపు తెరిచాం అన్నదే ప్రశ్న.

ఇదే ప్రశ్న మన పండగలకూ వర్తిస్తుంది. చేలగట్లమీద ఊరకే దొరికే గునుగు, తంగేడు, గుమ్మడి పూలతో శ్రామిక స్త్రీలు పేర్చుకున్న బతుకమ్మ 2014లో రాష్ట్ర పండగ అయింది. గౌరవం దక్కడం సంతోషమే. కాని వేదికలమీద, పోటీల్లో 'అందంగా' పేర్చిన బతుకమ్మకు బహుమతి ఇచ్చేటప్పుడు, ఆ అందానికి కొలబద్ద ఎవరు తయారుచేస్తున్నారో చూడాలి. రైతు పండగ ముందుగదిలోకి, ముందుగదినుంచి అంగడిలోకి ఎట్లా నడిచిందో హలోవీన్ చరిత్ర మనకు దశలవారీగా చూపిస్తుంది. చూసినవాళ్లకు అది హెచ్చరిక.

మన కథల్లో ఇళ్ల వర్ణనలు చాలా వుంటాయి. గది, తెరలు, బల్లమీది పూలకుండీ వర్ణించి, పాత్ర అభిరుచిని సూచించి వదిలేస్తాం. ఆ పూలకుండీ ఎక్కడ తయారయిందో, దాన్ని రోజూ తుడిచేది ఎవరో ఒక్క వాక్యం రాస్తే కథ స్వరూపమే మారుతుంది. విమర్శలో 'ఉత్తమాభిరుచి' అని రాయబోయేముందు కూడా అంతే. ఆ తీర్పు ఎవరి తీరికనుంచి వచ్చింది, ఎవరి శ్రమను కనపడకుండా చేసింది అని ఒకసారి అడగాలి. అలంకరణ పెట్టె అడుగున కాగితం మడత ఎప్పుడూ వుండకపోవచ్చు. వెతికే అలవాటు మాత్రం చదివేవాడికి వుండితీరాలి.